ఆంత్రోపాలజీ చదివితే ఏమవుతారు? విశాఖ నుంచి చూసే లెక్క

క్లుప్తంగా చెప్పాలంటే: ఆంత్రోపాలజీ డిగ్రీ ఒక్కటే చూసి ఉద్యోగం ఇచ్చే పోస్టులు దేశం మొత్తమ్మీద తక్కువే. కానీ ఆ చదువులో నేర్పే పని, అంటే ఒక చోట నెలల తరబడి ఉండి జనం ఎలా బతుకుతున్నారో ఓపిగ్గా చూసి రాసుకోవడం, దానికి ఇంకో పనితనం తోడైతే (జెనెటిక్స్ ల్యాబ్ కావచ్చు, స్టాటిస్టిక్స్, భూచట్టాలు, లేదా ఒక గిరిజన భాష) చాలా చోట్ల అవసరం పడుతుంది. సివిల్స్‌లో ఆప్షనల్‌గా, అంటే అభ్యర్థి తనకి తాను ఎంచుకునే సబ్జెక్టుగా, దీనికి ఉన్న పేరుకీ, కాలేజీలో ఈ డిగ్రీకి ఉన్న విలువకీ నేరుగా సంబంధం లేదు, ఈ రెండూ కలిపి చూడటం వల్లే సగం అయోమయం.

అయోమయం ఎక్కడ మొదలవుతుంది

ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని గ్రూపులు ఉంటాయి, వాటిలో ఆంత్రోపాలజీ అన్న మాట మామూలుగా వినపడదు. కాబట్టి చాలామందికి ఈ సబ్జెక్టు పేరు మొదటిసారి తెలిసేది డిగ్రీ అడ్మిషన్ల టైమ్‌లోనో, పీజీ సెట్ అప్లికేషన్ నింపేటప్పుడో, లేకపోతే సివిల్స్ కోచింగ్ గురించి ఎవరో చెప్పినప్పుడో. తెలుగులో మానవ శాస్త్రం అంటారు, ఆ పేరు వినగానే కొందరు సోషియాలజీ అనుకుంటారు, కొందరు తవ్వకాలు చేసే ఆర్కియాలజీ అనుకుంటారు, కోతి నుంచి మనిషి ఎలా వచ్చాడో చెప్పే చదువు అని ఇంకొందరు. మూడూ కొంత కొంత నిజమే, అదే చిక్కు.

ఇంట్లో వచ్చే ప్రశ్న ఇంకొకటి. నర్సింగ్ చదివితే నర్సు, బీఈడీ చేస్తే టీచరు, అలా కోర్సు పేరులోనే ఉద్యోగం పేరు ఉంటుంది. దీంట్లో ఉండదు. ఆంత్రోపాలజిస్టు అని బోర్డు పెట్టుకుని కూర్చునేవాళ్లు గాజువాకలోనూ ఎంవీపీ కాలనీలోనూ ఎవరికీ కనపడరు. పైగా కొన్ని యూనివర్సిటీలు ఎమ్మెస్సీ ఇస్తాయి (ఢిల్లీ, కలకత్తా అలా), కొన్ని ఎంఏ ఇస్తాయి (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ), దాంతో ఇది సైన్సా ఆర్ట్సా అన్నదే తేలదు.

సబ్జెక్టులో అసలు ఏముంటుంది

మామూలుగా నాలుగు పాయలు చెబుతారు. మనిషి శరీరం, పరిణామం, జన్యువులు చూసేది ఒకటి. ఆచారాలు, పెళ్లిళ్లు, నమ్మకాలు, బతుకుతెరువు చూసేది రెండోది. రాతి పనిముట్లు, పాత నివాసాలు చూసేది మూడోది, భాషలు చూసేది నాలుగోది. సోషియాలజీతో తేడా ఎక్కడంటే, సోషియాలజీ ఎక్కువగా పెద్ద సమాజాల మీద సర్వేలు, లెక్కలతో పెరిగింది, ఆంత్రోపాలజీ చిన్న గుంపుల మధ్య ఎక్కువకాలం ఉండటం మీద పెరిగింది, దానికి శరీరం గురించిన సైన్స్ కూడా కలిసింది. మలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో జనం మధ్యే ఉండిపోయి, వాళ్ల భాష నేర్చుకుని పని చేసిన పద్ధతి తర్వాతవాళ్లకి ఒక కొలమానం అయిపోయింది. ఇప్పుడు హద్దులు చెరిగిపోతున్నాయి గానీ ఫీల్డ్‌వర్క్ అన్న మాటకి ఈ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న బరువు వేరు.

ఇది పుస్తకం మాటలా అనిపిస్తే తెలుగు ఇంట్లోంచే ఒక ఉదాహరణ. అత్త అంటే నాన్న చెల్లెలు, మేనమామ భార్య, మొగుడి తల్లి, పెళ్లాం తల్లి, అందరూ అత్తే. ఇంగ్లీషువాళ్లకి వీళ్లలో కొందరు ఆంటీలు, కొందరు మదరిన్‌లాలు. ఎందుకలా? తెలుగులో మేనరికం ఒప్పుకునే సంబంధం కాబట్టి, నాన్న చెల్లెలు రేపు అత్తగారయ్యే వీలు ముందే ఉంది కాబట్టి, పిలుపు ఆ పెళ్లి నియమాన్ని లోపల దాచుకుంది. అదే పెద్దనాన్న, చిన్నాన్న పిల్లలైతే అన్నాచెల్లెళ్లు, అక్కడ పెళ్లి మాటే రాదు. 1871లో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ ప్రపంచంలోని చుట్టరికాల పిలుపులన్నీ పట్టికలు వేసినప్పుడు అందులో తెలుగు, తమిళం కూడా ఉన్నాయి, అమెరికాలోని ఇరోక్వా జనం పిలుపులకీ వీటికీ ఉన్న పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఇదే విషయాన్ని జెనెటిక్స్ వైపు నుంచి చూస్తే బావామరదళ్ల పెళ్లిలో పుట్టే బిడ్డకి ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియెంట్ (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండుసార్లు వచ్చే అవకాశం) 1/16, మేనమామ మేనకోడలు పెళ్లిలో అయితే 1/8. పిలుపు నుంచి రక్తపరీక్ష దాకా ఒకే దారిలో నడిపించే సబ్జెక్టు ఇంకొకటి లేదనే చెప్పాలి.

విశాఖలో చదవడానికి ఉన్న తేడా

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టింది, అక్కడ ఆంత్రోపాలజీ డిపార్ట్‌మెంటు, విడిగా హ్యూమన్ జెనెటిక్స్ డిపార్ట్‌మెంటు కూడా ఉన్నాయి. కానీ అసలు లాభం క్యాంపస్ బయట ఉంది. జాలరిపేటలో జాలర్లు, వాడబలిజలు, సముద్రమ్మీద వేటకెళ్లే కుటుంబాలు. గాజువాక, ఉక్కునగరం వైపు స్టీల్ ప్లాంటుకి భూములిచ్చి ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) తీసుకున్న ఊళ్లవాళ్లు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అక్కడ దొరికిన రాతి పనిముట్లు. తొట్లకొండ, బావికొండ మీద బౌద్ధుల కట్టడాలు. వంద కిలోమీటర్లు పైచిలుకు పోతే పాడేరు, అరకు, 2022 ఏప్రిల్‌లో కొత్తగా వచ్చిన అల్లూరి సీతారామరాజు జిల్లా. బగత, కొండదొర, కోటియా, గదబ, పోర్జ, ఖోండు, వాల్మీకి, నూకదొర, కమ్మర, ఇన్ని తెగలు ఒకే సంతలో పసుపు, చింతపండు, అడ్డాకులు అమ్ముతూ కనపడతారు.

ఆ సంతలో ఇంటిపేర్లు వింటే ఇంకో విషయం తెలుస్తుంది. కిల్లో, కొర్రా, పాంగి, వంతల, గొల్లోరి. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. ఒకే వంశం పేరు వేర్వేరు తెగల్లో కూడా ఉంటుంది, కానీ ఒకే వంశంలో పెళ్లి చేసుకోరు. ఊరికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఓటర్ల లిస్టులో ఇంటిపేరు చూసి అంతా ఒకటే తెగ అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

భాష సంగతి కూడా అంతే. కొండదొరల కూబి, ఖోండుల కువి ద్రావిడ భాషలు. గదబల్లో ఒక భాగం మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబం, తెలుగుకి చుట్టమే కాదు. సంతలో అందరినీ కలిపేది మళ్లీ ఆదివాసీ ఒడియా. పక్కనే శ్రీకాకుళం, పార్లాకిమిడి వైపు గిడుగు వెంకట రామమూర్తి సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం గానీ ఆయన సవర పని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, అది బాధాకరం.

సివిల్స్ లెక్క వేరు, డిగ్రీ లెక్క వేరు

ఈ సబ్జెక్టుకి తెలుగు రాష్ట్రాల్లో వచ్చిన పేరు ఎక్కువగా యూపీఎస్సీ వల్లే. 2017 పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్, 2022లో మూడో ర్యాంకు ఉమా హారతి, 2023లో మూడో ర్యాంకు దోనూరు అనన్య రెడ్డి, ముగ్గురి ఆప్షనల్ ఆంత్రోపాలజీయే. అయితే ముగ్గురిలో ఎవరూ డిగ్రీలో ఆంత్రోపాలజీ చదవలేదు. ఇద్దరు ఇంజనీరింగ్, ఒకరు జాగ్రఫీ.

మరి ఎందుకు తీసుకుంటారు అంటే కారణాలు పరీక్ష లోపలే ఉన్నాయి. ఆప్షనల్ రెండు పేపర్లు కలిపి 500 మార్కులు, మెయిన్స్ రాతపరీక్ష మొత్తం 1750, అంటే మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. సిలబస్ మిగతా కొన్ని ఆప్షనల్స్‌తో పోలిస్తే చిన్నది, ముందు చదవని వాళ్లు కూడా మొదటి నుంచి పట్టుకోగలరు, ఎముకలు, పుర్రెలు, వంశవృక్షాలు బొమ్మలేసి చూపించొచ్చు. రెండో పేపర్లో గిరిజనుల భాగం జనరల్ స్టడీస్‌కి కూడా పనికొస్తుంది. ఇదంతా పరీక్షకి సంబంధించిన తెలివి. దీన్నిబట్టి ఆంత్రోపాలజీ డిగ్రీ చేస్తే కలెక్టర్ అవుతారని అనుకోవడం తప్పు, సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇంకో మాట, మూడు గంటల్లో బొమ్మలతో జవాబు రాయడం, మూడు నెలలు ఒక ఊళ్లో ఉండి రిపోర్టు రాయడం రెండూ వేరే పనులు, మొదటిదాంట్లో ఎక్కువ మార్కులొస్తే రెండోది వచ్చినట్టు కాదు. సివిల్స్ ఒక్కటే లక్ష్యమై ఈ డిగ్రీలో చేరేవాళ్లు ఆ పరీక్ష పోతే తర్వాత ఏంటి అన్నది చేరకముందే ఆలోచించుకోవాలి.

గవర్నమెంటు వైపు ఉన్న పని

సబ్జెక్టు పేరు మీదే నడిచే పెద్ద సంస్థ ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, 1945లో మొదలైంది, హెడ్డాఫీసు కోల్‌కతా, మొదటి డైరెక్టర్ బి.ఎస్. గుహ. 1985లో మొదలుపెట్టిన పీపుల్ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో కె.ఎస్. సింగ్ ఆధ్వర్యంలో 4,635 సమూహాలను నమోదు చేశారు. విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కితే దారిలో వచ్చే జగదల్‌పూర్‌లో దీని కేంద్రం ఒకటుంది. పోస్టులకి ఆంత్రోపాలజీ పీజీ కావాలి, కానీ అవి ఎప్పుడో ఒకసారి పడతాయి, పడ్డా కొద్దిగానే ఉంటాయి. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఆంత్రోపాలజీ ఒక సబ్జెక్టు, అందులో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 ఫెలోషిప్, పీహెచ్‌డీ వైపు పోయేవాళ్లకి అది ఊపిరి.

రాష్ట్రం వైపు చూస్తే గిరిజన సంక్షేమ శాఖ, ఐటీడీఏలు (గిరిజన ప్రాంతాల అభివృద్ధి చూసే సంస్థలు), విశాఖలోనే ఉన్న గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ. ఇలాంటి పరిశోధన సంస్థలు చేసే ఒక పని జనానికి పెద్దగా తెలియదు. ఏదైనా కులాన్ని ఎస్టీల్లో చేర్చాలంటే రాష్ట్రం సిఫారసు చేయాలి, దాన్ని జనగణన చూసే రిజిస్ట్రార్ జనరల్ ఒప్పుకోవాలి, తర్వాత జాతీయ ఎస్టీ కమిషన్, చివరికి పార్లమెంటులో చట్టం. మొదటి మెట్టులో ఉండేది ఆ జనం మధ్య తిరిగి వాళ్ల బతుకు, ఆచారాల మీద రాసిన ఎత్నోగ్రఫీ రిపోర్టే. 1965లో లోకూర్ కమిటీ పెట్టిన కొలతలు, ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా దూరంగా ఉండటం, బయటివాళ్లతో కలవడానికి జంకు, వెనుకబాటు, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. వాల్మీకులు ఏజెన్సీలో ఎస్టీలు, మైదానంలో కాదు. 2023 మార్చిలో బోయ, వాల్మీకులను ఎస్టీల్లో చేర్చాలని ఏపీ అసెంబ్లీ తీర్మానం చేసింది, ఏజెన్సీలో దానికి వ్యతిరేకంగా ఆందోళనలు జరిగాయి. ఇలాంటి గొడవలో రిపోర్టు రాసే మనిషి వాక్యం ఒకటి అటూ ఇటూ అయితే ఎంతమంది జీవితాల మీద పడుతుందో ఊహించొచ్చు.

ఇప్పుడు కులగణన వస్తోంది. 2027 జనగణనలో కులం కూడా అడుగుతారు. 1931లో లెక్కపెట్టినప్పుడు 4,147 కులాలు తేలాయి, 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో జనం చెప్పింది చెప్పినట్టు రాసేసరికి 46 లక్షలకు పైగా పేర్లు వచ్చిపడ్డాయని కేంద్రమే సుప్రీంకోర్టుకి చెప్పింది. ఇంటిపేరు, గోత్రం, వృత్తి, ఊరి పేరు అన్నీ కులం కాలమ్‌లో చేరిపోయాయి. వీటిని వేరుచేయడం కంప్యూటర్ ఒక్కదానివల్ల అయ్యే పని కాదు, ఏ పేరు ఏ పేరుకి మారుపేరో ఆ ప్రాంతంలో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. దీనికోసం కొత్త పోస్టులు వేస్తారా లేదా అన్నది వేరే సంగతి, అవసరం మాత్రం ఖాయం.

భూసేకరణ, పునరావాసం

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి, ఆరు నెలల్లో పూర్తి చేయాలి, బహిరంగ విచారణ పెట్టాలి. కొన్ని మినహాయింపులున్నా ఈ అధ్యయనాలకి టీములు కావాలి, ఆంత్రోపాలజీ పీజీలకి యూనివర్సిటీల ద్వారా, కన్సల్టెన్సీల ద్వారా దొరికే ప్రాజెక్టు పనుల్లో ఇది ముఖ్యమైనది.

ఇక్కడ చుట్టరికాల పాఠం నేరుగా డబ్బు లెక్కలోకి వస్తుంది. కుటుంబం అంటే ఎవరు? ఒకే పొయ్యి మీద తినే తండ్రి, ముగ్గురు పెళ్లైన కొడుకులు ఒక కుటుంబమా నాలుగా? 2013 చట్టం మేజర్లు ఆడైనా మగైనా విడి కుటుంబమే అంటుంది, వితంతువులు, మొగుడు వదిలేసిన ఆడవాళ్లు కూడా విడి కుటుంబాలే. చట్టంలో రాసి ఉన్నా సర్వే చేసేవాడు గుమ్మం దగ్గర నిలబడి ఇంటి యజమాని పేరు రాసుకుని వెళ్లిపోతే పుట్టింటికి తిరిగొచ్చి వెనక గదిలో ఉంటున్న ఆడమనిషి లెక్కలోకి రాదు. పోలవరం ముంపులో కొండరెడ్లు, కోయల విషయంలో ఇంకో పొర ఉంటుంది, పట్టా భూమికి విలువ కట్టొచ్చు గానీ అడవిలో తెచ్చుకునే దుంపలు, తేనె, వెదురు ఏ కాలమ్‌లో పెట్టాలి? బొర్రా దగ్గర మైనింగ్ లీజుల మీద నడిచి 1997లో తీర్పొచ్చిన సమత కేసు, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, ఇవి తెలిసిన ఆంత్రోపాలజీ స్టూడెంటుకీ తెలియనివాళ్లకీ ఇలాంటి ఉద్యోగాల్లో చాలా తేడా ఉంటుంది.

ఆసుపత్రి దాకా ఎందుకు రారు అన్న ప్రశ్న

వర్షాకాలం వస్తే ఏజెన్సీ నుంచి డోలీ మోతల వార్తలు ఆగవు. రోడ్డు లేకపోవడం మొదటి కారణం, అందులో సందేహం లేదు. సాలూరులో గర్భిణుల కోసం పెట్టిన వసతి గృహం లాంటివి దీనికి ఒక జవాబు, నెలలు నిండకముందే కొండ మీది నుంచి కిందికి తెచ్చి ఉంచుతారు. కానీ వసతి ఉన్నా రానివాళ్లు ఎందుకు రారు అని అడగాలి. ఇంట్లో చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు, పోడులో కోత ఎవరు చేస్తారు, అక్కడ పెట్టే తిండి తినగలరా, భాష అర్థమయ్యే నర్సు ఉందా. ఈ జవాబులు ఫారంలో టిక్కు పెట్టించుకుంటే రావు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు శవాలను కడిగి సాగనంపే ఆచారం వల్ల జబ్బు పాకుతుంటే, కుటుంబాల గౌరవం పోకుండా ఖననం ఎలా చేయాలో తేల్చడానికి ఆంత్రోపాలజిస్టుల సాయం తీసుకున్నారు.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్లమందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. ఒక్క జన్యువు ఉన్నవాళ్లకి మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది కాబట్టి మలేరియా ఉన్న కొండల్లో అది తరతరాలుగా నిలబడింది, భార్యాభర్తలు ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పరీక్ష చేయడం ల్యాబ్ పని. ఫలితం రాసిన కార్డు చేతికిచ్చాక ఆ అమ్మాయికి సంబంధాలు ఆగిపోతాయేమో అని తల్లి దాన్ని దాచేస్తే ఏం చేయాలన్నది పెళ్లి నియమాలు తెలిసినవాళ్ల పని.

ల్యాబ్ దారి

బైపీసీ నుంచి వచ్చినవాళ్లకి ఇది ఎక్కువ సరిపోతుంది. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన విశాఖ ప్రాంతపు తెలుగు కులాల నమూనాల మీదే జరిగింది, తల్లి నుంచి వచ్చే డీఎన్ఏ, తండ్రి నుంచి కొడుకుకి పోయే వై క్రోమోజోమ్ పోల్చి, కులాల మధ్య కదలిక ఎక్కువగా ఆడవాళ్ల ద్వారా జరిగిందని చెప్పింది. వైశ్యుల్లో మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక మందు తొందరగా అరగకపోవడానికి కారణమైన ఎంజైమ్ లోపం ఎక్కువగా ఉండటం కూడా ఇలాంటిదే. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరాల తరబడి లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం దానికి మూలం. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి చోట్ల ఈ తరహా పని జరుగుతుంది, పాతకాలపు మనుషుల ఎముకల నుంచి డీఎన్ఏ తీసి చదివి 2022లో నోబెల్ అందుకున్న స్వాంటే పాబో పని కూడా ఈ పాయకి దగ్గరదే. ఎముక చూసి వయసు, ఆడా మగా చెప్పే ఫోరెన్సిక్ వైపు కూడా దారుంది, అయితే అక్కడ ఫోరెన్సిక్ సైన్స్ పీజీలతో పోటీ పడాలి.

కంపెనీల సంగతి. అమెరికాలో జిరాక్స్ 1980ల్లోనే లూసీ సచ్‌మన్‌తో జనం జిరాక్స్ మెషిన్ దగ్గర ఎక్కడ తడబడుతున్నారో చూపించుకుంది, ఇంటెల్ 1998లో జెనెవీవ్ బెల్‌ని తీసుకుంది. ఇక్కడ ఆ ఉద్యోగాలని యూజర్ రీసెర్చ్ అంటారు, ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్‌లో. ఇంటర్వ్యూలో డిగ్రీ పేరు కన్నా చేసిన పని చూపించమంటారు.

చేరేముందు చూసుకోవాల్సింది

కాలేజీలో అడగాల్సిన మొదటి విషయం ఫీల్డ్‌వర్క్ ఎన్ని రోజులు, ఎక్కడ, ఎవరు వెంట ఉంటారు అన్నది. వారం రోజులు బస్సులో అరకు వెళ్లి ఫోటోలు దిగి వస్తే దాన్ని ఫీల్డ్‌వర్క్ అనకూడదు. రెండోది, ల్యాబ్ నిజంగా పనిచేస్తోందా. మూడోది స్టాటిస్టిక్స్ నేర్పుతారా, నేర్పకపోతే బయట నేర్చుకోవాల్సిందే. డిగ్రీతో ఆపేస్తే ఈ సబ్జెక్టు పేరు మీద దొరికేది చాలా తక్కువ, పీజీ దాకా వెళ్లాల్సి ఉంటుందని ఇంట్లో ముందే చెప్పడం మంచిది. ఆర్థికంగా ఇబ్బంది ఉన్న కుటుంబాలకి ఆ ఐదేళ్లు పెద్ద బరువు, ఇది దాచాల్సిన విషయం కాదు.

ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లలకి మాత్రం లెక్క కొంచెం మారుతుంది. ఇన్నాళ్లూ కొండరెడ్ల గురించి, గోండుల గురించి హైమెన్‌డార్ఫ్ లాంటి బయటివాళ్లు భాష నేర్చుకుని రాశారు, దానికే వాళ్లకి ఏళ్లు పట్టింది. కువి, కూబి ఇంట్లో మాట్లాడే స్టూడెంటు ఆ ఏళ్లు ఆదా చేసుకుని మొదలుపెడతారు. సామాజిక ప్రభావ అధ్యయనం రిపోర్టుని స్థానిక భాషలో పంచాయతీకి అందుబాటులో పెట్టాలని చట్టమే చెబుతోంది, ఆ స్థానిక భాష అంటే అందరూ తెలుగు అనుకుని వదిలేస్తున్నారు. గ్రామసభలో ఆ రిపోర్టుని కువిలో చదివి వినిపించగలిగి, వచ్చిన అభ్యంతరాలను ఇంగ్లీషులో రాయగలిగేవాళ్లు ఎంతమంది దొరుకుతారో పాడేరు కొండల్లో ఒక్కసారి అడిగి చూడొచ్చు.